బిల్లు ఆగితేనే పాలసీ వస్తుంది: ఒడిశా సరిహద్దు సైట్లలో కాంట్రాక్టర్ల చేత కూలీల బీమా కట్టించే పద్ధతి

పర్లాకిమిడిలో మూడంతస్తుల కల్యాణ మండపం కడుతున్న రోజులు. రెండో స్లాబుకి సెంట్రింగ్ కొడుతూ పాతపట్నం వైపు కుర్రాడొకడు పరంజా మీంచి జారి కింద పడ్డాడు. సైటు చూసుకునేది నేనే. ప్రాణం దక్కింది గానీ నడుము పోయింది. ఆసుపత్రిలో దింపి వచ్చి ఫైలు తెరిచాను. పాలసీ ఉంది, కాంట్రాక్టరు దానికి లామినేషన్ కూడా చేయించాడు. తీరా చదివితే అందులో కూలీలు ఆరుగురు, చోటు బరంపురం, పని ఒక అంతస్తు ఇల్లు. ఆ రోజు మా సైటులో ఉన్నది ఇరవై ముగ్గురు. బీమా కంపెనీ మనిషి అడిగిన వాటిలో ఒక్కదానికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

ఆ కాంట్రాక్టరును తిట్టుకుంటూ చాలా రోజులు గడిపాను. తర్వాత అర్థమైంది, నేను "పాలసీ ఉందా?" అని అడిగానే తప్ప పాలసీ చదవలేదు. ఆ తర్వాత రాయగడ, గుణుపురం, బరంపురం సైట్లలో నేను పాటిస్తూ వచ్చిన పద్ధతి ఇది. బిల్డర్లకి, పెద్ద కాంట్రాక్టు తీసుకుని చిన్నవాళ్ళకి పంచేవాళ్ళకి, స్కూలో గుడో మండపమో కట్టిస్తున్న కమిటీలకి, సైటు ఇంజనీర్లకి పనికొస్తుంది.

మొదటి పని: భారం ఎవరిదో తేల్చుకోండి

చాలామంది "డబ్ల్యూసీ (వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్, అంటే కూలీల పరిహారం) పాలసీ చట్టం ప్రకారం తప్పనిసరి" అంటారు. అది సగమే నిజం. 1923 నాటి కూలీల పరిహార చట్టం తప్పనిసరి చేసింది పరిహారాన్ని. పనిలో, పని కారణంగా కూలీకి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా యజమాని డబ్బు కట్టాలి. ఆ డబ్బు జేబులోంచి తెస్తాడా, బీమా కంపెనీ చేత ఇప్పిస్తాడా అన్నది అతని ఇష్టానికే వదిలింది. కాబట్టి పాలసీని తప్పనిసరి చేయాల్సింది మీ అగ్రిమెంటు. ప్రభుత్వ టెండర్లలో ఆ షరతు ఉంటుంది, ప్రైవేటు పనుల్లో మీరు రాస్తేనే ఉంటుంది.

2010లో ఈ చట్టం పేరులో "వర్క్‌మెన్" పోయి "ఎంప్లాయీస్" వచ్చింది. సైటులో మాత్రం ఇప్పటికీ అందరం డబ్ల్యూసీ అనే అంటాం. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చి పాత చట్టాన్ని తనలో కలిపేసుకుంది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలు పాత చట్టం కిందే నడుస్తాయి. కొత్త కోడ్‌లోనూ పునాది అదే. అయితే ఒకటి పెరిగింది. ఇంటి నుంచి పనికి వస్తూ, పని నుంచి ఇంటికి వెళ్తూ జరిగిన ప్రమాదం కూడా, పనికీ దానికీ సంబంధం కనిపిస్తే, పనిలో జరిగినట్టే లెక్క. పొద్దున్నే ట్రాక్టరు తొట్టిలో పదిహేను మందిని నిలబెట్టి తీసుకొచ్చే మన వైపు సైట్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇక అసలు మెలిక. మీరు వ్యాపారంగా కట్టిస్తూ పనిని కాంట్రాక్టుకి ఇస్తే, కాంట్రాక్టరు కూలీకి కూడా మీరే బాధ్యులు. కూలీ నేరుగా మీ మీదే కేసు వేయొచ్చు. కట్టిన డబ్బు తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకునే హక్కు మీకుంది. అప్పటికి అతను ఫోనెత్తితే అదృష్టం. సొంతానికి ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఈ నియమం ఇలా అంటుకోదు, ఎందుకంటే ఇల్లు కట్టడం వాళ్ళ వ్యాపారం కాదు. కానీ మేస్త్రికి కాంట్రాక్టు ఇవ్వకుండా రోజుకూలి మీద మీరే మనుషుల్ని పెట్టుకుంటే యజమాని మీరే. "క్యాజువల్ లేబర్‌కి వర్తించదు" అని ఎవరైనా సలహా ఇస్తే, ఆ మినహాయింపు 2000లోనే తీసేశారని చెప్పండి.

సంస్థకీ, ఆ కూలీలకీ ఈఎస్ఐ ఉందేమో కూడా ఈ దశలోనే చూడండి. ఈఎస్ఐ కిందకి వచ్చిన మనిషికి పరిహారం అక్కడి నుంచే వస్తుంది, మళ్ళీ యజమాని మీద ఈ పరిహారం కేసు నడవదు. జీతం నెలకి 21,000 దాటినవాళ్ళు ఆ పరిధిలోకి రారు. కొందరికి ఈఎస్ఐ, మిగతావాళ్ళకి డబ్ల్యూసీ అన్న సైట్లు ఉంటాయి. ఎవరు ఎందులో ఉన్నారో పేరు పేరునా రాసి పెట్టుకోండి.

డబ్బు లెక్క కాంట్రాక్టరు ముందు కూర్చుని వేయండి

నీతులు చెబితే ఎవరూ ప్రీమియం కట్టరు. కాగితం మీద అంకెలు వేసి చూపిస్తే కడతారు. నేను వేసి చూపించే లెక్క ఇది.

కూలీ వయసు ముప్పై, రోజుకి 600, నెలకి ఇరవై ఆరు రోజులు. అంటే 15,600. చట్టం లెక్కకి నెల జీతాన్ని 15,000 దగ్గర ఆపుతారు, 2020 జనవరి 3 నోటిఫికేషన్ ప్రకారం. చనిపోతే అందులో సగం, అంటే 7,500ని వయసుని బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. ముప్పై ఏళ్ళకి ఆ గుణకం 207.98. వచ్చేది 15,59,850. అంత్యక్రియల ఖర్చు వేరు. ప్రాణం ఉండి మనిషి పూర్తిగా పనికి రాకుండా పోతే సగానికి బదులు అరవై శాతం తీసుకుంటారు, 18,71,820 అవుతుంది. చేతి బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం నష్టమని చట్టంలోనే పట్టిక ఉంది. అంటే కట్టర్ మిషన్ దగ్గర ఒక్క క్షణం ఏమరుపాటుకి ఆ 18,71,820లో 30 శాతం, 5,61,546 రూపాయలు.

ఆ మొత్తాన్ని నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే పెనాల్టీ సగం దాకా వేయొచ్చు. పెనాల్టీని బీమా కంపెనీ కట్టదు, ఆలస్యం చేసినవాడి జేబులోంచే పోవాలి.

గడువు ఎప్పటి నుంచి మొదలవుతుందో సుప్రీంకోర్టు తేల్చింది మన పక్క ఊరి కేసులోనే. 1968లో కోరాపుట్ జిల్లా జైపూర్‌లో ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి కింద పడ్డాడు, ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చింది. యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు గనక అది పూర్తి నష్టమే అనీ, పరిహారం బాకీ పడేది కమిషనర్ (ఈ పరిహారం కేసులు తేల్చే అధికారి) తీర్పు ఇచ్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే అనీ కోర్టు చెప్పింది. దేశంలో ఏ మూల పరిహారం కేసు నడిచినా ఈ జైపూర్ కేసు పేరు వినబడుతుంది. మన కాంట్రాక్టర్లలో చాలామందికి ఇది తెలియదు. చెబితే మాత్రం కాస్త నిటారుగా కూర్చుంటారు.

అగ్రిమెంటులో ఏం రాయాలి

"కాంట్రాక్టరు అన్ని చట్టాలు పాటించవలెను" అన్న వాక్యం ఎందుకూ పనికి రాదు. నేను రాయించేది ఇలా ఉంటుంది: పని మొదలయ్యే ముందు ఈ సైటు చిరునామాతో, ఈ పనిలో ఉండే కూలీలందరికీ సరిపడా పాలసీ తెచ్చి అసలు కాపీ చూపించాలి, సబ్ కాంట్రాక్టర్ల మనుషులు కూడా అందులో ఉండాలి, పాలసీ ఆగిపోయిన రోజు నుంచి పని ఆగుతుంది, బిల్లు ఆగుతుంది, తేకపోతే నేనే పాలసీ తీసుకుని ఆ ప్రీమియం బిల్లులో కోస్తాను.

ఈ చివరి మాటే ఎక్కువసార్లు పనిచేసింది. గుణుపురంలో ఒకాయన రెండు నెలలు "రేపు, ఎల్లుండి" అన్నాడు. మూడో రన్నింగ్ బిల్లులో (పని నడుస్తుండగా విడతగా ఇచ్చే బిల్లు) ప్రీమియం కోసేసరికి తర్వాతి సైటుకి పిలవకముందే పాలసీ పట్టుకొచ్చాడు.

అడ్వాన్సు ఇచ్చేలోపే ఇదంతా అయిపోవాలి. అడ్వాన్సు చేతిలో పడ్డాక కాంట్రాక్టరు దృష్టి కంకర, ఇసుక మీదకి పోతుంది. అప్పుడు మీరు ఏం చెప్పినా చాదస్తంలాగే వినిపిస్తుంది.

పాలసీ చదవడం

మీ సమయం ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. మొదటి పేజీలో కంపెనీ బొమ్మ చూసి ఫైల్లో పెట్టకండి. షెడ్యూల్ పేజీ తీయండి.

బీమా తీసుకున్న పేరు చూడండి. అగ్రిమెంటు ఒక ఫర్మ్ పేరు మీద, పాలసీ ఆయన తమ్ముడి పేరు మీద ఉండటం నేను రెండుసార్లు చూశాను. తర్వాత చిరునామా. "ఒడిశా" అనో "బరంపురం, చుట్టుపక్కల" అనో రాసి ఉంటే మీ సైటు పేరు ఎండార్స్‌మెంటుతో (పాలసీకి కంపెనీ జతచేసే సవరణ కాగితం) చేర్పించండి. పని వివరణలో అంతస్తులు, ఎత్తు, కూల్చివేత ఉంటే అది కూడా ఉండాలి. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతూ పాలసీలో కొత్త కట్టడం మాత్రమే రాస్తే, గోడ కూలిన రోజున కంపెనీ ఆ కాగితమే ముందు పెడుతుంది.

తర్వాత అసలు మోసం దాగే చోటు: మనుషుల సంఖ్య, కూలి మొత్తం. ప్రీమియం కట్టేది కూలి మొత్తం మీద కాబట్టి దాన్ని తగ్గించి చూపిస్తారు. పట్టుకోవడం తేలిక. ఇరవై మంది, రోజుకి 600, నెలకి ఇరవై ఆరు రోజులు, ఎనిమిది నెలలు అంటే 24,96,000. పాలసీలో కూలి నాలుగు లక్షలని ఉంటే అడగడానికి ఇంకేం ఉంటుంది! లేబర్ కాంట్రాక్టు అయితే ఇంకా సులువు, అడుగుకి ఇంత అని మీరిచ్చే రేటే సాక్ష్యం. తక్కువ చూపించినప్పుడు ప్రమాదం రోజున కంపెనీకి వాదించే సందు దొరుకుతుంది, మధ్యలో నలిగేది కూలీ కుటుంబం. "ఎంతమంది వస్తారో ముందే ఎలా తెలుస్తుంది?" అని కాంట్రాక్టరు అడుగుతాడు, న్యాయమైన ప్రశ్నే. ముందు అంచనా వేసి కడతారు, ఏడాది చివర అసలు కూలి చూసి ప్రీమియం సర్దుతారు. ఆ సంగతి ఏజెంట్లు చెప్పరు.

వైద్య ఖర్చు విడిగా చూడండి. అసలు ఖర్చు యజమానే భరించాలని 2010 నుంచి చట్టంలో ఉంది. పాలసీలో మాత్రం అదనంగా అడిగి తీసుకుంటేనే వస్తుంది, దానికీ ఒక పరిమితి పెడతారు. పర్లాకిమిడిలో నడుము విరిగిన కుర్రాడి విషయంలో ఎక్కువ డబ్బు పోయింది దీనికే. సబ్ కాంట్రాక్టర్ల మనుషులు కూడా అంతే, అడిగి చేర్పిస్తేనే ఉంటారు.

ఇక ప్రీమియం రసీదు. డబ్బు అందకుండా కంపెనీకి బాధ్యత పుట్టదు. చెక్కు తిరిగొచ్చిన పాలసీ చిత్తు కాగితంతో సమానం. ఏజెంటు ఇచ్చిన నంబరుకి కాకుండా కంపెనీ శాఖకే ఫోన్ చేసి పాలసీ నంబరు చెప్పి అడగండి. ఐదు నిమిషాల పని.

కొందరు కాంట్రాక్టర్లు బ్యాంకులో 20 రూపాయలతో కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా కాగితాలు తెచ్చి "అందరికీ చేయించానండి" అంటారు. మంచిదే, ఉండనివ్వండి. అది ఆ కూలీ సొంత బీమా, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. యజమాని బాకీలో అది ఒక్క రూపాయి కూడా తీర్చదు. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు కూడా అంతే. తొంభై రోజుల పని చూపించి ఆ కార్డు తీసుకోమని కూలీలకి నేనూ చెబుతాను, కానీ పాలసీ బదులుగా దాన్ని ఒప్పుకోను.

మేస్త్రి ఎవరి మనిషి?

మన సైట్లలో అందరూ దాటేసే ప్రశ్న ఇది. సెంట్రింగ్ ముఠా నడిపే మేస్త్రి పదిమందిని తెస్తాడు, తనూ పైకెక్కి పని చేస్తాడు. అతను కూలీయా, కాంట్రాక్టరా? పని మొత్తాన్ని గుత్తకి తీసుకున్నాడంటే కాంట్రాక్టరని వాదిస్తారు, అప్పుడు పడిపోయిన మేస్త్రికి పరిహారం దక్కదు. ముఠాలో అందరికంటే ఎక్కువ ఎత్తుకి ఎక్కేది అతనే! అందుకని మేస్త్రి పేరు కూడా హాజరు పట్టీలో రోజుకూలితో రాయించండి, లేదా అతనికి విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ పెట్టించండి. రెండూ కుదరదంటే ఆ ముఠాని పైకి ఎక్కించకండి.

హాజరు పట్టీ

పాలసీకి ప్రాణం పోసేది హాజరు పట్టీ. ఆ రోజు ఆ మనిషి అక్కడ పనిలో ఉన్నాడని చూపించేది అదొక్కటే. సరిహద్దులో పేర్ల గొడవ మామూలు కాదు. ఆధార్‌లో అప్పన్న, ఒడియా గుమస్తా రాసిన పట్టీలో ఇంకేదో. సవర ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ పేర్లయితే మూడు కాగితాల్లో మూడు రకాలు. నేను ఆధార్ నకలు తీసుకుని, దాని వెనక పట్టీలో రాసే పేరు, వయసు, కూలి, ఊరు, ఇంట్లో ఆధారపడ్డవాళ్ళ పేర్లు రాయించి వేలిముద్ర వేయిస్తాను. వయసు తప్పయితే గుణకం మారి లక్షల్లో తేడా వస్తుంది.

స్లాబు పోత రోజు సంగతి వేరుగా చెప్పాలి. మామూలుగా పదిహేను మంది ఉండే చోట ఆ ఒక్క రోజు కాంక్రీటు కలిపే మిల్లర్ ముఠాతో కలిపి నలభై మంది దిగుతారు. ముందురోజే వాళ్ళ జాబితా అడగండి. పట్టీలో లేని చెయ్యి తట్ట ముట్టుకోకూడదని గేటు దగ్గర మనిషిని పెట్టండి. మొదట్లో నవ్వుతారు, రెండో స్లాబుకి అలవాటవుతుంది.

పరిహారం హక్కు గురించి కూలీకి అతనికి అర్థమయ్యే భాషలో రాసి చెప్పాలని పాత చట్టానికి 2017లో చేసిన సవరణ అంది. చెప్పకపోతే ఆ చట్టం కింద జరిమానా 50,000 నుంచి లక్ష దాకా ఉండేది. సైటు బోర్డు మీద ఒడియాలో, తెలుగులో రెండింటిలో రాయించండి. చదవలేనివాళ్ళకి కూలి పంచే రోజున నోటితో చెప్పండి.

ప్రమాదం జరిగితే

ముందు ఆసుపత్రి. అక్కడ చీటీ రాసేటప్పుడు మీ మనిషి పక్కనే ఉండాలి. "బండి మీంచి పడ్డాడు" అని రాయించే కాంట్రాక్టర్లున్నారు. ఆ ఒక్క వాక్యం తర్వాత రెండేళ్ళు పీడిస్తుంది. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికి పంపినా, విశాఖ తీసుకెళ్ళినా మొదటి చీటీ నకలు దాచుకోండి. మరణమైతే పోలీసు రిపోర్టు, పోస్ట్‌మార్టం జరగకుండా శవాన్ని ఊరికి పంపకండి. రాత్రికి రాత్రే సరిహద్దు దాటించిన కేసుల్లో తర్వాత నిరూపించడం నరకం.

బీమా కంపెనీకి ఆ రోజే రాతపూర్వకంగా చెప్పండి. మరణానికి, తీవ్ర గాయానికి ఏడు రోజుల్లో కమిషనర్‌కి రిపోర్టు పంపాలి. కాలో చెయ్యో విరిగినా, ఇరవై రోజులు మించి పనికి రాలేకపోయినా తీవ్ర గాయమే. కార్మిక శాఖ అధికారే కమిషనర్ హోదాలో ఉంటారు (కొత్త కోడ్‌లో ఆ హోదాని కాంపిటెంట్ అథారిటీ అన్నారు), జిల్లా లేబర్ ఆఫీసులో అడిగితే చెబుతారు.

"తాగి ఉన్నాడండి" అన్న మాట తప్పకుండా వస్తుంది. చిన్న దెబ్బలకి అది నిరూపిస్తే చెల్లుతుందేమో గానీ, మరణానికీ పూర్తి వైకల్యానికీ చెల్లదు.

ఊళ్ళో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, స్టాంపు కాగితం మీద రెండు లక్షలకి తెగ్గొట్టడం మన వైపు ఆనవాయితీ. మరణ పరిహారం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. నేరుగా కుటుంబం చేతికిచ్చిన డబ్బు పరిహారం కింద జమ కాదు. అడ్వాన్సుగా మూడు నెలల కూలి దాకా ఇస్తే అది మాత్రం తగ్గించుకోవచ్చు. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితమూ చెల్లదు. అంటే రెండు లక్షలిచ్చిన కాంట్రాక్టరు మళ్ళీ మొత్తం కట్టాల్సి రావచ్చు. ఈ ఒక్క ముక్క విన్నాక పెద్దమనుషుల పంచాయితీ మీద చాలామందికి మోజు తగ్గుతుంది.

కుటుంబానికి మీరు చెప్పాల్సింది ఒకటుంది. కేసు కోసం ఒడిశా తిరగక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాదు, వాళ్ళు ఉండే చోటి కమిషనర్ దగ్గర కూడా వేయొచ్చు. పర్లాకిమిడిలో పడినవాడి భార్య శ్రీకాకుళంలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు రెండేళ్ళు.

పని అయిపోయిందనుకున్నాక

పాలసీ గడువు మామూలుగా ఏడాది. ఆ తేదీకి నెల ముందు ఫోన్లో అలారం పెట్టుకోండి. వానలకి పని ఆగి, దసరా తర్వాత మళ్ళీ మొదలైన సైట్లలో మధ్యలోనే పాలసీ చచ్చిపోయి ఉంటుంది, ఎవరూ గమనించరు. ఆఖరి బిల్లు ఇచ్చే తొందరలో తాళ్ళు కట్టుకుని బయటి గోడలకి రంగులేసేవాళ్ళని మర్చిపోతాం. తాపీ కాంట్రాక్టరు పాలసీలో వాళ్ళుండరు, పెయింటింగ్ కాంట్రాక్టరు దగ్గర పాలసీయే ఉండదు. నా దగ్గర ఆపి ఉంచిన రిటెన్షన్ డబ్బు (బిల్లుల్లోంచి పట్టుకుని చివర ఇచ్చేది) ఆ తాళ్ళు విప్పి, పరంజా కర్రలు లారీ ఎక్కాకే కదులుతుంది.